ఫోన్లో చెప్పిందే రాయి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఫ్రాన్స్ దక్షిణ తీరం వెంబడి రైల్లో నువ్వు ఒక్కరోజు తిరిగొచ్చిన దాని గురించి మెయిల్ చేసిన వ్యాసం తీరిగ్గా చదివాను. ‘నీస్ నుంచి మాంతోన్ దాకా’ అన్న పేరు బాగుంది. లోపల మాత్రం నువ్వు కనపడలేదు. ఆ శుక్రవారం మాకు అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి గలగలా మాట్లాడిన పిల్ల, రాయడానికి కూర్చోగానే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. నువ్వు ఫోన్లో చెప్పినదాంట్లో సగం కూడా కాగితం మీదికి రాలేదు. వచ్చినదాంట్లో సగం నువ్వు చూసింది కాదు.

కోప్పడకు, ఒక్కొక్కటే చెబుతాను.

‘ఉవ్వెత్తున ఎగసిపడే కెరటాలు’ అని మొదలుపెట్టావు. అవి మన ఆర్కే బీచ్ కెరటాలమ్మా. నువ్వు వాట్సాప్‌లో పంపిన వీడియో నా ఫోన్లో ఇంకా ఉంది. అందులో సముద్రం దాదాపు కదలడమే లేదు. బీచ్‌లో ఇసుకే లేదు, ఎటు చూసినా గుండ్రటి బూడిదరంగు గులకరాళ్లు. చిన్న అల వచ్చి వెనక్కి వెళ్లేటప్పుడు ఆ రాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లి గరగరమంటున్నాయి. ‘మాస్టారూ, ఇక్కడ అల వచ్చేటప్పుడు కాదు, పోయేటప్పుడు వినపడుతుంది’ అని వెనకనుంచి నీ గొంతు. ఈ మాట వ్యాసంలో ఏది? ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోని మాట అదొక్కటే, దాన్నే వదిలేశావు.

మూడో పేరాలో ఒడ్డున కూర్చుని జీవితంలోని ఆటుపోట్ల గురించి ఆలోచించానన్నావు. మధ్యధరా సముద్రానికి ఆటుపోట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి, కానీ చాలా చోట్ల జానెడు, రెండు జానలు. పెద్ద సముద్రంతో దానికున్న ప్రధానమైన దారి జిబ్రాల్టర్ జలసంధి. ఇరుకైన చోట దాని వెడల్పు 14 కిలోమీటర్లే. అంత సన్నటి దారిలోంచి పోటు ఏం వస్తుంది? నీస్‌లో పొద్దున్న చెప్పులు విప్పి పెట్టిన చోట సాయంత్రం కూడా తడి చేరదు. విశాఖ పిల్లవి కాబట్టి ఇది నీకు వింతగా అనిపించి ఉండాలి. అనిపించిందనే అన్నావు కూడా. ఆ వింత రాయి, జీవితాన్ని దాని మానాన వదిలెయ్.

ఇంకొకటి. ‘మాంతోన్‌లో సూర్యుడు సముద్రంలో మునిగిపోతుంటే’ అట. నేను ఆ ఊరు చూడలేదు, మ్యాప్ చూశాను. తీరం దక్షిణానికి తిరిగి ఉంది, పడమటి వైపంతా కొండలూ, కాప్ మార్తాన్ అగ్రమూ అడ్డం. అక్టోబర్‌లో అక్కడ పొద్దు కొండల వెనక్కి దిగాలి. నువ్వు చూశావా, అలవాటుకొద్దీ రాశావా?

ఇప్పుడు అసలు విషయం. నువ్వు పర్యాటకురాలివి కాదు, చదువుకోడానికి వెళ్లిన పిల్లవి. ఒక్క రోజు తీరిక, జేబులో లెక్కబెట్టిన యూరోలు, తిరుగు బండి టైము. నీ ప్రయాణాన్ని నడిపింది ఈ మూడే. వ్యాసంలో ఈ మూడూ లేవు. డబ్బు గురించి రాస్తే చవకబారుగా ఉంటుందనుకున్నావేమో. 1830లో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, అంగళ్లున్నాయా అని రాసుకుంటూ పోయాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన్ని చదువుతున్నది ఆ వివరాల కోసమే. టికెట్ ఎంతో రాయి. మధ్యాహ్నం హోటల్‌కి వెళ్లకుండా బాక్సులో పులిహోర తిన్నావుగా, అదీ రాయి. నీస్ పాతబస్తీలో సొక్కా అనే తినుబండారం కొనుక్కుని ‘ఇది మన శనగపిండి అట్టే మాస్టారూ, ఆలివ్ నూనె, మిరియాల పొడి, అంతే’ అని నవ్వావు. వ్యాసంలోకొచ్చేసరికి అది ‘స్థానిక వంటకం’ అయిపోయింది.

చూడలేకపోయినవి కూడా రాయవచ్చు. ఎజ్ స్టేషన్లో దిగి పైకి చూస్తే ఊరు 400 మీటర్లకు పైన కొండ కొమ్మున ఉంది. ఎక్కి దిగితే రోజు అక్కడికే సరిపోతుందని తర్వాతి బండి ఎక్కేశావు. వ్యాసంలో మాత్రం ‘ఎజ్ గ్రామ సౌందర్యం వర్ణనాతీతం’ అని ఉంది. చూడనిది వర్ణనాతీతం కాక ఏమవుతుంది!

రైలు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఇటలీ వైపు వెళ్తే కుడి కిటికీ దగ్గర కూర్చోవాలని, సముద్రం కనపడి ఫోన్ తీసేలోగా సొరంగం వచ్చేస్తుందని, మొనాకో స్టేషన్ మొత్తం కొండ లోపలే ఉందని చెప్పావు కదా. చరిత్ర కోసం నాలుగు పేరాలు ఖర్చుపెట్టే బదులు ఆ సొరంగంలోనే రెండు ముక్కలు చెప్పొచ్చు. మాంతోన్, దాని పక్కనున్న రోక్‌బ్రూన్ ఒకప్పుడు మొనాకో అనే బుల్లి దేశపు రాజువే. 1848లో తిరగబడి విడిపోయాయి. 1861లో ఆ రాజు వాటి మీద హక్కుని 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్స్‌కి అమ్ముకున్నాడు. ఇప్పుడు ఆ దేశం మొత్తం రెండు చదరపు కిలోమీటర్లు, చాలావరకు చీకట్లోనే దాటేశావు. చరిత్ర ఇంతకు మించి వద్దు.

రోక్‌బ్రూన్‌లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కుటీరం దగ్గర ఇంకాస్త ఆగాలి. చండీగఢ్ కట్టడానికి పూనుకున్న రోజుల్లోనే, 1951-52లో, ఆయన తనకోసం ఆ చెక్క గది కట్టుకున్నాడు. 1965లో అక్కడే ఈతకు దిగి చనిపోయాడు. 2016లో యునెస్కో ఆ కుటీరాన్నీ, చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్స్‌నీ ఒకే జాబితాలో చేర్చింది. ఇదంతా నువ్వూ రాశావు, బాగానే రాశావు. కానీ ముందే బుక్ చేసుకోలేదని లోపలికి వెళ్లలేక, పక్కనున్న కాలిబాట మీద నిలబడి లెక్క వేశావు చూడు, అది నాకు నచ్చింది. కుటీరం ఒక్కో వైపు 3.66 మీటర్లు, అంటే 12 అడుగులు, మొత్తం 13 చదరపు మీటర్ల పైనే. నీ హాస్టల్ గది 9 చదరపు మీటర్లు. ‘అంత పెద్దాయన కుటీరం ఎంత చిన్నదో అని అందరూ ఆశ్చర్యపోతారు, నాకేమో కుళ్లొచ్చింది’ అన్నావు. ఈ వాక్యంతో ఆ పేరా మొదలుపెట్టు.

ఇక నువ్వు తీసేసిన భాగం. శుక్రవారం సంత ఉంటుందని మాంతోన్ నుంచి వెంటిమిలియా దాకా, అంటే ఇటలీలోకి, వెళ్లొచ్చావు. తిరిగి వస్తుంటే సరిహద్దు దాటగానే మొదటి స్టేషన్ మాంతోన్ గారావాన్‌లో పోలీసులు బండెక్కారు. రెండూ షెంగెన్ దేశాలే, అంటే సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగొచ్చన్న ఒప్పందంలో ఉన్నవే అయినా 2015 నుంచి ఫ్రాన్స్ అక్కడ తనిఖీలు పెట్టింది. పెట్టె నిండా జనం ఉంటే కాగితాలు అడిగింది నిన్నూ, చివరి సీట్లో కూర్చున్న ఇద్దరు ఆఫ్రికా కుర్రాళ్లనీ. నీ పాస్‌పోర్ట్ బ్యాగ్ అడుగున ఉంది. ముందు పులిహోర బాక్సు తీసి పక్క సీట్లో పెట్టావు, తర్వాత సంతలో కొన్న స్కార్ఫ్, ఆ తర్వాత పాస్‌పోర్ట్. వాళ్లు వీసా పేజీ చూసి ఇచ్చేశారు. ఆ ఇద్దరినీ దింపేశారు. ఎదురు సీట్లో ఉన్నావిడ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. బండి కదిలింది.

ఎందుకు తీసేశావంటే, అమ్మ చదివితే టెన్షన్ పడుతుందన్నావు. నిజమే, పడుతుంది. నాకూ ఆడపిల్లలున్నారు. అయితే అది తీసేయడానికి కారణం కాదు, అమ్మకు ముందుగా చెప్పడానికి కారణం. అచ్చులో చూసి తెలుసుకుంటే ఎక్కువ బాధ. ఫోన్ చేసి నీ నోటితో చెప్పు. ఇద్దరూ కాసేపు పోట్లాడుకోండి. అప్పుడు రాయి.

రాసేటప్పుడు మాత్రం వివక్ష మీద ఉపన్యాసం పెట్టకు. ఏది ముందు జరిగిందో అది ముందు, ఏది తర్వాతో అది తర్వాత. బ్యాగ్‌లోంచి ఏమేం బయటికొచ్చాయో వరసగా చెబితే చాలు, నీ చేతులు వణికాయని విడిగా చెప్పనక్కర్లేదు. ఆ కుర్రాళ్లను ఎవరూ గుర్తుపట్టే వివరాలు వద్దు. వాళ్లు ఏ దేశం నుంచి వచ్చారో, ఏమనుకున్నారో నీకు తెలియదు, ఊహించి రాయకు. నీకు ఇబ్బందిగా ఉంటే ఇక్కడ ఇబ్బందిగా ఉంది అని ఒక్క ముక్క అను. దాని తర్వాత వెంటనే నిమ్మకాయల పండగ గురించి మొదలుపెట్టకు. అది ఫిబ్రవరిలో, నువ్వు వెళ్లింది అక్టోబర్‌లో. దాన్ని పూర్తిగా కొట్టెయ్.

మిగతావి చిన్నవి. ‘అద్భుతం’ అన్న మాట ఎక్కడెక్కడ వాడావో వెతికి తీసెయ్. ఊళ్ల పేర్లు అక్కడి క్లాస్‌మేట్ చేత పలికించి, విన్నట్టు రాయి. ఒకచోట నీస్, ఒకచోట నైస్ అని ఉంది. ఫొటోలు అన్నేసి అక్కర్లేదు, గులకరాళ్లది ఒకటి చాలు.

పరీక్షలున్నాయన్నావు, అవి అయ్యాకే కూర్చో. నాకేం తొందర లేదు. కొత్త ప్రతి యూనికోడ్‌లో టైప్ చేసి, అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి పంపు. చేత్తో రాసింది ఫొటో తీసి పంపితే ఈ కళ్లద్దాలకు ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు