ట్యాంక్‌బండ్‌ని వదిలేసి కాఠ్మాండూ వెళ్లిన అనంత చతుర్దశి

ఆసియా దేశాల్లో తిరిగినప్పుడు చూసిన స్థానిక పండగల్లో ఏది బాగా గుర్తుండిపోయింది, మొదటిసారి వెళ్లేవాళ్లకి ఏది చెబుతారు అని అడిగారు. నా జవాబు కాఠ్మాండూ ఇంద్రజాత్ర. థాయిలాండ్‌లో సాంగ్‌క్రాన్ కూడా చూశాను. నీళ్ల తుపాకులు, తడిసి పాడైన ఫోను. సరదాగానే ఉంటుంది కానీ రెండో రోజుకి ఇక చాలనిపిస్తుంది.

2024 మాకు నానమ్మ పోయిన ఏడాది. ఇంట్లో పండగల్లేవు. వినాయకుణ్ణి పెట్టలేదు, అమ్మ ఏటా చేసుకునే అనంత పద్మనాభ వ్రతం కూడా లేదు. నాన్న నెలమాసికాలు వదిలి కదలరు. "ఊరంతా డీజేలు మోగుతుంటే ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం, ఎటైనా పోదాం పద" అని అమ్మే అంది. గుళ్లకి మాత్రం రానంది. కాఠ్మాండూ దాకా వెళ్లి పశుపతినాథుణ్ణి చూడకుండా తిరిగొచ్చిన తెలుగువాళ్లం మేమే అయ్యుంటాం!

ఇంద్రజాత్ర ఎప్పుడో మన పంచాంగం చూస్తే తెలిసిపోతుంది. భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు పాత రాజుల కోట హనుమాన్ ఢోకా ముందు 'లింగో' అనే పొడవాటి మానుని తాళ్లతో లాగి నిలబెడతారు. అక్కణ్ణుంచి ఎనిమిది రోజులు. మధ్యలో అనంత చతుర్దశి, అంటే ఇక్కడ హుస్సేన్‌సాగర్ దగ్గర గణపతులు వరస కట్టే రోజే, అక్కడ కుమారి అనే బాలదేవత రథం కదులుతుంది. ఆ ఏడు అది సెప్టెంబర్ 17.

కథ వింటే మీకూ నవ్వొస్తుంది. మనకి కృష్ణుడు సత్యభామ కోసం ఇంద్రుడి తోటలోంచి పారిజాతాన్ని పెకలించుకొచ్చాడు కదా, ఈ కాఠ్మాండూ లోయ పాత జనం నేవార్ల కథలో దొంగ ఇంద్రుడే. వాళ్లమ్మ పూజకి పారిజాతాలు కావాలంటే మారువేషంలో ఈ లోయలోకి దిగి, కోస్తూ దొరికిపోయాడు. జనం కట్టేశారు. కొడుకుని వెతుక్కుంటూ వచ్చిన తల్లి రెండు మాటలిచ్చి విడిపించుకుంది: పంటలకి మంచు కురిపిస్తాను, ఈ ఏడాది మీ ఊళ్లో పోయినవాళ్లని నా వెంట స్వర్గానికి తీసుకెళ్తాను అని. "పోయిన చెట్టుని వెతుక్కుంటూ వచ్చాడేమో పాపం" అంది అమ్మ.

ఆ రెండో మాట సంగతి నాకు ముందు తెలీదు. రంగులు, ముసుగులు, రథాలు చూద్దామని బయల్దేరినవాణ్ణి. లింగో నిలబెట్టిన రోజు సాయంత్రం పాత ఊరి సందుల్లో జనం వరసగా నడుస్తూ కనిపించారు. డప్పుల్లేవు, అరుపుల్లేవు. చేతుల్లో అగరొత్తుల కట్టలు, బుట్టల్లో ఒత్తులు, ప్రమిదలు. దారిలో ప్రతి చిన్న గూడు దగ్గరా వంగి ఒకటి వెలిగించి పెట్టి ముందుకి పోతున్నారు. దీన్ని 'ఉపాకు' అంటారట, ఏడాది లోపల ఇంట్లో మనిషి పోయినవాళ్లు పాత ఊరి సరిహద్దు చుట్టూ తిరిగి రావాలి. అమ్మ తనకొచ్చిన హిందీలో ఒకావిడతో మాట కలిపింది. ఆవిడకీ అత్తగారే పోయిందట. ఒక ఒత్తి తీసి అమ్మ చేతిలో పెట్టింది. గుడికి రానన్న మనిషి, రోడ్డు పక్కన బొటనవేలంత గణపతి ముందు కూర్చుని అది వెలిగించి, "మన దగ్గర ఇంట్లోంచి కదలొద్దంటారు, వీళ్లేమో ఊరంతా తిప్పుతున్నారు" అంది. ఆ తర్వాత వాళ్లతోపాటు చాలా దూరం నడిచాం. నేను ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.

మిగతా రోజులు మాత్రం పూర్తిగా జాతరే. పులుకిసి అని తెల్ల ఏనుగు ఉంటుంది. వెదురు బుట్టలాంటి ఒళ్లు, పైన బొమ్మలేసిన గుడ్డ, లోపల ఇద్దరు మనుషులు. ఇంద్రుడి ఐరావతమన్నమాట, యజమాని కనబడక ఊరంతా వెతుకుతుంది. మెల్లగా నడుస్తున్నదల్లా ఉన్నట్టుండి జనంలోకి దూసుకొస్తుంది. లాఖే అనే రాక్షసుడు ఇంకోడు: ఎర్ర ముసుగు, చెదిరిన జుట్టు. మన పోతరాజులా వీధిని దడదడలాడిస్తాడు, పిల్లలేమో వాణ్ణి ఉడికిస్తూ వెంటపడతారు.

హనుమాన్ ఢోకా దగ్గర శ్వేత భైరవుడి పెద్ద బంగారు ముఖం ఏడాదంతా చెక్క జాలీ వెనకే ఉంటుంది, ఈ పండగకే తలుపు తీస్తారు. రాత్రిపూట ఆయన నోట్లో పెట్టిన గొట్టంలోంచి బియ్యపు కల్లు ధార కడతారు. కుర్రాళ్లు ఒకరి భుజాలమీద ఒకరెక్కి నోళ్లు తెరుస్తారు. వాసన అచ్చం తరవాణి కుండ మూత తీసినట్టే. ఆ తోపులాటలో నా ఎడమకాలి చెప్పు పోయింది, అమ్మ చీర కొంగు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. "నాన్నకి చెప్పకురా" అంది.

కుమారి గురించి చాలామంది రాశారు, ఎక్కువ చెప్పను. శాక్య అనే నేవార్ బౌద్ధ కుటుంబాల్లోంచి ఎంచిన చిన్నపిల్లని దేవతగా కొలుస్తారు, నుదుటిమీద మూడో కన్ను దిద్దుతారు. ముందు గణేశుడు, భైరవుడుగా ఇద్దరు మగపిల్లల రథాలు, తర్వాత ఆమెది. పూర్వం రాజులు ఆమె దీవెన తీసుకునేవాళ్లు. 1768లో గోర్ఖా రాజు పృథ్వీనారాయణ షా ఈ ఊరిని పట్టుకున్నదీ ఇంద్రజాత్ర రోజునే. ఆ చిన్న ముఖంలో నవ్వు లేకపోవడం నాకైతే కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

వెళ్లేవాళ్లకి: వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్‌ని నమ్ముకోవద్దు. మన 100 రూపాయలు అక్కడ 160. బస థామెల్ అనే పేటలో దొరుకుతుంది, పండగ జరిగే హనుమాన్ ఢోకా పక్క చౌకు బసంత్‌పుర్‌కి నడిచిపోవచ్చు. రథం రోజు భోంచేసి తీరిగ్గా వెళ్తే గుడి మెట్లమీద చోటు దొరకదు. చెప్పులొద్దు, బూట్లు. సమయ్‌బజీ అని అటుకులు, నల్ల సోయా గింజలు, అల్లం ముక్కలు కలిపి ప్రసాదంగా పెడతారు. అందులో ఎండుచేపో దున్న మాంసమో ఉండొచ్చు, శాకాహారులైతే అడిగి తీసుకోండి. అమ్మ అటుకులు మాత్రం ఏరుకుని తింది.

2025లో మా ఇంట్లో పండగలు మళ్లీ మొదలయ్యాయి. సెప్టెంబర్ 6న అమ్మ చేతికి తోరం కట్టుకుని, పూజ దగ్గర్నుంచి లేస్తూ, "ఈపాటికి ఏనుగు బయల్దేరి ఉంటుంది" అంది. నాన్నకి అర్థం కాలేదు.