లీవర్ డ్రాగ్ రీల్ బిగింపు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి విజయవాడ నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుంటూరులో నువ్వు కొన్న పాత లీవర్ డ్రాగ్ రీల్ గురించి, అంటే చేప లాగినప్పుడు లైన్‌కు ఉండే బిగువును (డ్రాగ్) ఒక లీవర్‌తో మార్చుకునే గాలపు రీల్ గురించి, వ్రాసినదంతా చదివాను. లీవర్‌ను స్ట్రైక్ దగ్గర (చేపతో పోరాడేటప్పుడు ఉంచే స్థానం) నిలిపినా చేత్తో లాగితే లైన్ జారిపోతున్నదనీ, ప్రీసెట్ నాబ్ బిగిస్తే లీవర్‌ను పూర్తిగా వెనక్కి తెచ్చినా లైన్ చుట్టుకునే స్పూల్ తేలికగా తిరగడం లేదనీ వ్రాశావు. ఈ రెండు లక్షణాలూ ఒకే రీల్‌లో కనబడుతున్నప్పుడు నాబ్‌ను ఇంకా తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా బేరింగులు పాడవుతాయి. వేసవి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది గనుక నిజాంపట్నంలో నువ్వు మాట్లాడుకున్న మరపడవ ఎలాగూ కదలదు. ఆ లోపు రీల్‌ను నిదానంగా చక్కబెట్టుకోవచ్చు.

ముందుగా ఆ నాబ్‌కూ లీవర్‌కూ ఉన్న సంబంధం చెబుతాను, ఎందుకంటే నీ ఇబ్బందిలో సగం అక్కడే ఉందని నాకు అనిపిస్తున్నది. లీవర్‌ను ముందుకు జరిపినప్పుడు లోపలి క్యామ్ తిరిగి, స్పూల్‌నూ డ్రాగ్ ప్లేటునూ ఒకదానికొకటి పక్కనుంచి అదుముతుంది; మధ్యనున్న వాషర్ రాపిడే చేపకు ఎదురయ్యే బిగువు. ఆ అదుము ఎక్కడ మొదలు కావాలో నిర్ణయించేది ప్రీసెట్ నాబ్. సైకిల్ బ్రేకు తీగ చివరనుండే మరను అతిగా బిగిస్తే బ్రేకు పట్టుకోకపోయినా రబ్బరు కట్టె చక్రానికి రాసుకుంటుంది చూడు, ప్రీసెట్‌ను అతిగా బిగించిన రీల్‌లోనూ సరిగ్గా అదే జరుగుతుంది. అందువల్ల నాబ్ అన్నది ఒడ్డున, కాటా పక్కన పెట్టుకుని తిప్పవలసిన వస్తువు. నీటి మీద చేప ఉన్నప్పుడు పని చెప్పవలసింది లీవర్‌కు మాత్రమే. నాబ్‌ను తిప్పే ప్రతిసారీ లీవర్‌ను ముందు ఫ్రీ స్థానానికి, అంటే బిగువు లేకుండా పూర్తిగా వెనక్కి, తీసుకురావాలి. లీవర్ బిగిసి ఉండగా తిప్పితే ఆ భారమంతా క్యామ్ మీదా మరల మీదా పడి అవి అరిగిపోతాయి.

ఇక ఎంత బిగువు పెట్టాలన్నది. నువ్వు 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) చుట్టి దానికి చివర 40 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్) లీడర్ ముక్క కట్టానన్నావు. లెక్క ఎప్పుడూ బలహీనమైన దాని మీదే కట్టాలి గనుక నీ లెక్కకు ఆధారం 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. వంజరం పళ్లకు తెగకుండా చివర తీగ కడితే, ఆ తీగ బలమూ దాని ముడి బలమూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. స్ట్రైక్ దగ్గర బిగువు ఈ బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలన్నది వేటగాళ్లలో పాతుకుపోయిన పద్ధతి. మోనో సాగుతుంది కాబట్టి మూడో వంతు దాకా వెళ్లవచ్చు. బ్రెయిడ్ దాదాపు సాగదు కాబట్టి నాలుగో వంతుతోనే మొదలుపెట్టడం మంచిది. నీకు అది 4.5 కిలోలు. ఇంత తక్కువేమిటని నీకు అనిపించవచ్చు. రాడ్ వంగి ఉండగా ఒకసారి 4.5 కిలోల బరువు లాగి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

కొలవడానికి స్ప్రింగ్ కాటా తీసుకో. సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటాల్లో చాలావరకు అంకె ఒకచోట ఆగిపోతుంది. మనకు కావలసింది లైన్ కదులుతున్నప్పుడు ఉండే అంకె కాబట్టి అవి ఈ పనికి తగవు. రాడ్‌కు రీల్ బిగించి, లైన్‌ను అన్ని వలయాల గుండా తీసి, చివర ఉచ్చు వేసి కాటా కొక్కేనికి తగిలించు. ఒకరు రాడ్‌ను నేలకు 45 డిగ్రీల వంపులో పట్టుకుంటే, మరొకరు కాటా పట్టుకుని కుదుపు లేకుండా వెనక్కి నడవాలి. రీల్ నుంచి నేరుగా లాగి కొలిచే వాళ్లున్నారు. కాని వంగిన రాడ్ మీద వలయాల రాపిడి కూడా కలిసి అంకె పెరుగుతుంది, చేప లాగేది కూడా రాడ్ గుండానే గదా. మొదటి లాగుడును లెక్కలోకి తీసుకోవద్దు. చాలాకాలం కదలని వాషర్ మొదట అంటుకున్నట్టు ఉంటుంది గనుక కొన్ని మీటర్ల లైన్ లాగి వదిలాక వచ్చే అంకెనే నమ్ము. అంకె తక్కువైతే లీవర్‌ను ఫ్రీకి తెచ్చి నాబ్‌ను కొద్దిగా తిప్పి, మళ్లీ స్ట్రైక్ దగ్గర పెట్టి కొలవాలి. ఇది విసుగు పుట్టించే పనే గాని దగ్గరదారి లేదు.

స్ట్రైక్ దగ్గర 4.5 కిలోలు కుదిరాక మూడు విషయాలు చూడాలి. లీవర్ ఫ్రీలో ఉన్నప్పుడు స్పూల్‌ను వేలితో తడితే అది తనంతట తాను కొంతసేపు తిరగాలి. లీవర్ స్ట్రైక్ దగ్గర ఉండగా హ్యాండిల్ తిప్పితే ఇసుక నలిగినట్టుగా గాని, మోయలేనంత బరువుగా గాని ఉండకూడదు. అలా ఉందంటే పక్క ఒత్తిడి బేరింగుల మీద పడుతున్నదని అర్థం. చివరిగా, స్ట్రైక్ దగ్గర లీవర్‌ను ఆపే బొత్తాం నొక్కి, దాన్ని ఫుల్ దాకా, అంటే పూర్తిగా ముందుకు, నెట్టి అక్కడి బిగువు కూడా కొలిచి, లీవర్ పక్కన మార్కర్‌తో అంకెలు వ్రాసుకో. స్ట్రైక్‌కూ ఫుల్‌కూ మధ్య బిగువు ఎంత పెరుగుతుందన్నది రీల్‌ను బట్టి మారుతుంది కనుక ఆ అంకె తెలియకుండా ఫుల్ జోలికి వెళ్లకూడదు.

అంతకంటె చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. వాషర్ రాపిడి మారకపోయినా, స్పూల్ మీద లైన్ తగ్గేకొద్దీ లైన్ మీద బిగువు పెరుగుతుంది, ఎందుకంటే అదే మెలితిప్పే బలం చిన్న వ్యాసం మీద పని చేస్తుంది. నిండు స్పూల్ మీద 4.5 కిలోలున్నది, లైన్ చుట్టు వ్యాసం సగమయ్యేసరికి 9 కిలోలు అవుతుంది, అంటే నీ లీడర్ బలంలో సగం. దానికి తోడు నీటిలో పొడుగ్గా సాగిన లైన్ విల్లులా వంగి నీటినీ కోసుకుంటూ పోతుంది. పెద్ద తూర తగిలి వందల మీటర్ల లైన్ లాక్కుపోతున్నప్పుడు కొత్తవాళ్లు ఆత్రపడి లీవర్‌ను ముందుకు నెడతారు. అప్పుడు చేయవలసింది లీవర్‌ను కొంచెం వెనక్కి తేవడం. చేప ఆగాక లైన్ తిరిగి చుట్టుకుంటున్నకొద్దీ దాన్ని మెల్లగా స్ట్రైక్ దగ్గరికి చేర్చు.

ఇప్పుడు నీ రీల్ జారుడు గురించి. నువ్వు దాన్ని విప్పక ముందే ఒక పరీక్ష చెయ్యి. మార్కర్‌తో స్పూల్ అంచు మీద నుంచి చుట్టిన లైన్ మీదకు అడ్డంగా ఒకే గీత గియ్యి. లీవర్‌ను స్ట్రైక్ దగ్గర పెట్టి, హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని, లైన్‌ను ఎవరిచేతనైనా లాగించు. స్పూల్ కదలకుండా లైన్ మీది గీత మాత్రం పక్కకు జరిగిపోతే డ్రాగ్‌లో ఏ దోషమూ లేదు. నున్నటి స్పూల్ మీద నేరుగా చుట్టిన బ్రెయిడ్ మొత్తం ఒక ముద్దలా జారుతున్నదన్నమాట. ఎంత నాబ్ బిగించినా తీరని జారుడు ఇదే, నీ రీల్‌లో కూడా ఇదేనని నా అనుమానం. బ్రెయిడ్ అంతా విప్పి, అడుగున కొన్ని మీటర్ల మోనో గట్టిగా చుట్టి, దానికి బ్రెయిడ్ ముడివేసి తడిగుడ్డతో పట్టుకుంటూ మళ్లీ చుట్టితే సరిపోతుంది. గీత చెదరకుండా స్పూల్ తిరిగితే జారుతున్నది వాషర్. నీ చేతిలోని హ్యాండిలే వెనక్కి తిరుగుతుంటే వెనుకకు తిరగకుండా ఆపే ‘పాల్’ అనే చిన్న కొక్కెం గాని, దాని స్ప్రింగు గాని పాడైంది. దాన్ని మాత్రం పనితెలిసినవాడికే అప్పగించు.

వాషరే కారణమని తేలితే రీల్ విప్పక తప్పదు. విప్పుతూ ప్రతి భాగం వరుసనూ ఫోనులో ఫోటో తీసుకో. ముఖ్యంగా గిన్నె ఆకారంలో వంపు తిరిగిన స్ప్రింగ్ వాషర్లు ఏది ఎటు ముఖం పెట్టి ఉందో గుర్తుంచుకోవాలి: ఎదురెదురుగా పెడితే లీవర్ ప్రయాణం పొడుగునా బిగువు మెత్తగా పెరుగుతుంది, ఒకదాని వెనుక ఒకటి ఒకే ముఖంగా పెడితే గరిష్ఠ బిగువు పెరిగి లీవర్ కొద్దిగా జరిగినా అంకె ఎగబాకుతుంది. నీకు అమ్మినవాడు వాటిని మార్చి ఉండవచ్చు కూడా. తరువాత కార్బన్ వాషర్ మీద నూనె మెరుపు ఉందేమో చూడు. మన ఎండలకు బేరింగుల్లో వేసిన పల్చటి నూనె మరీ పలచబడి వాషర్ దాకా పాకడం అరుదేమీ కాదు. లోహపు ప్లేటును స్పిరిట్‌తో తుడిచి, వాషర్‌ను గిన్నెల సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వాలి. నూనె పూర్తిగా పీల్చుకున్నది అయితే మార్చడమే మేలు. వాషర్‌ను పొడిగా ఉంచాలా, డ్రాగ్ గ్రీజు పూయాలా అన్నది ఆ కంపెనీ పుస్తకం చెప్పినట్టే చెయ్యి. గ్రీజు పూయవలసి వస్తే డ్రాగ్ కోసమే చేసినదాన్ని, చేత్తో తుడిచేసినంత పల్చగా పూయాలి. మోటారు సైకిల్ బేరింగుల గ్రీజును ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

జారుడు కాక కుదుపు ఉంటే కారణం వేరు. కదిలేముందు కాటా చూపే అంకెకూ, కదిలాక చూపే అంకెకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే వాషర్ మీద ఉప్పు, తేమ, లేదా గీకుళ్లు ఉన్నట్టు. స్పూల్ ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట బిగిసి వదులుతుంటే ప్లేటు వంకరపోయినట్టు. దానికి శుభ్రం చేయడంతో పని లేదు, కొత్త ప్లేటే కావాలి.

సముద్రం నుంచి తిరిగి వచ్చాక లీవర్‌ను బిగించి ఉంచి మామూలు నీళ్లు సన్నగా పోసి కడుగు. సర్వీసింగ్ సెంటరులో కార్లు కడిగే వేగంతో నీళ్లు కొడితే ఉప్పును లోపలికి తోసినట్టే. ఆరిన తరువాత లీవర్‌ను ఫ్రీలోకి తెచ్చి పెట్టాలి, లేకపోతే వాషర్లు అదిమి పట్టిన ఆకారంలోనే ఉండిపోతాయి. ఈ నెలల్లో ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో రీల్‌ను వదలవద్దు.

కృష్ణలో బొచ్చె, శీలావతి పట్టడానికి ఇంత రీల్ దేనికని మీ అమ్మ అడుగుతుంది. ఇది సముద్రానికేనని నేను చెప్పానని చెప్పు. గీత పరీక్ష చేసి, ఏది కదిలిందో, స్ట్రైక్ దగ్గరా ఫుల్ దగ్గరా కాటా ఎంత చూపిందో నాకు వ్రాయి. ప్లేటు కొనవలసి వస్తే రీల్ మీద ఉన్న మోడల్ నంబరును కూడా చేర్చు, ఒకే సైజు పేరుతో వచ్చే రీళ్లలో కూడా ప్లేట్ల కొలతలు తేడాగా ఉంటాయి.

ఇట్లు,
నీ మామయ్య