కంపెనీ ఇచ్చిన అప్పుకు కాలదోషం పడితే?

ప్రశ్న: నాన్నగారు స్నేహితులతో కలిసి పెట్టిన ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలో నా పేరిట 6 శాతం షేర్లున్నాయి. నాలుగేళ్ల కిందట ఎం.డి. తన కొడుకు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి మా కంపెనీ డబ్బు అప్పుగా ఇచ్చారు. అసలూ రాలేదు, వడ్డీ రాలేదు. నాన్నగారు పోయాక మమ్మల్ని పట్టించుకునేవారు లేరు. ఏటా ప్రాక్సీ ఫారంపై (నా బదులు మరొకరు ఓటేయడానికి ఇచ్చే కాగితం) సంతకం పెట్టి పంపేవాణ్నే తప్ప మీటింగుకు వెళ్లలేదు. మోసం కింద పోలీసు కేసు పెడితే దారికొస్తారా?

జవాబు: నాలుగు పేజీలు రాశారు. అప్పు పత్రంలో ఏముందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ వ్యవహారం తేలేది అక్కడే. ఫలానా తేదీకి తీర్చాలని ఉంటే, దావాకు ఆ తేదీ నుంచి మూడేళ్లు. ‘అడిగినప్పుడు ఇస్తాం’ అని ఉంటే డబ్బు ఇచ్చిన రోజు నుంచే మూడేళ్లు. మీ కంపెనీ ఎప్పుడు అడిగిందన్నది లెక్కలోకి రాదు. అంటే దావా గడువు దాటిపోయి, ఈపాటికే కాలదోషం పట్టి ఉండవచ్చు.

గడువు లోపలే అప్పు ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఉంటే మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. కొంత చెల్లించి, ఆ సంగతి రాతలో ఉన్నా అంతే. అది ఎక్కడ వెతకాలంటారా? అప్పు తీసుకున్న కంపెనీ బ్యాలెన్స్ షీట్లలో. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. బ్యాలెన్స్ షీటులో చూపిన బాకీ, ఒప్పుకోలు కావచ్చని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అయితే కింది నోట్స్‌లో ‘వివాదంలో ఉంది’ అని రాశారేమో చూడండి. అక్కడే చాలా కేసులు తారుమారవుతాయి.

పోలీసు కేసు జోలికి ఇప్పుడు పోవద్దు. విచారణ ఏడాది నడిచినా కాలపరిమితి గడియారం ఆగదు. పైగా ఆ అప్పు కంపెనీది. వసూలు దావా మీరు సొంతంగా వేయలేరు.

చదవకుండా ప్రాక్సీలపై సంతకాలు పెట్టడం పెద్ద పొరపాటు. ఎం.డి. బంధువులతో లావాదేవీలు వార్షిక నివేదిక నోట్స్‌లో ఉండాలి. ‘ఈయనకు అన్నీ తెలుసు, ఆమోదించారు కూడా’ అని రేపు ఆ ప్రాక్సీలనే మీ ముందు పెడతారు. ఇకపై ఒక్కటీ పంపకండి.

ఈ వారమే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో లేఖ రాసి, సర్వసభ్య సమావేశాల మినిట్స్ (చర్చలు, తీర్మానాల నమోదు) నకళ్లు అడగండి. ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. డైరెక్టర్లకు సొంత ప్రయోజనం ఉన్న ఒప్పందాల రిజిస్టర్‌ను స్వయంగా వెళ్లి చూడండి. బోర్డు మినిట్స్ మాత్రం షేర్‌హోల్డర్‌కు చూపరు. వాటికోసం పట్టుబట్టి రోజులు పోగొట్టుకోకండి.

కంపెనీని నడిపేవారి అన్యాయంపై కంపెనీల చట్టం 241 సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే 10 శాతం షేర్లు కావాలి. లేదా 100 మంది సభ్యులు, మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతమంది. మీకింకా 4 శాతం తక్కువ. నాన్నగారి స్నేహితుల కుటుంబాల్లో ఎవరు కలుస్తారో చూసి, రాతపూర్వక సమ్మతి తీసుకోండి. అప్పుకు కాలదోషం పట్టినా, ఎం.డి. అక్రమంగా పొందిన లాభాన్ని రాబట్టమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. దానికీ మూడేళ్ల పరిమితే. అందుకే సమ్మతి పత్రాలతో పాటు, ఈ అప్పు సంగతి మీకు మొదట ఏ తేదీన తెలిసిందో చూపే కాగితం కూడా తీసుకుని లాయర్ దగ్గరకు వెళ్లండి.