పెరుగు తోడుపెట్టే ఓవెన్ ఒకరోజు కాలుతుంది

చిట్టితల్లీ,

మొన్న వీడియో కాల్‌లో నీ కొడుకు సోఫా అంచు పట్టుకుని, ఒక్కో అడుగూ పక్కకి వేసుకుంటూ టీవీ దాకా వెళ్ళిపోతుంటే మీ పెదనాన్న చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కానీ నా చూపు వాడి వెనకాలకి పోయింది. మీ వంటింటికి తలుపు లేదు, గడప లేదు. హాల్లో కార్పెట్ ఎక్కడ అయిపోతే అక్కడే వంటిల్లు మొదలు. అక్కడి నుంచి పెద్దవాళ్ళకి నాలుగంగల దూరంలో ఓవెన్. దాని గ్లాసు సరిగ్గా వాడి మొహం ఎత్తులో ఉంది.

థాంక్స్‌గివింగ్‌కి నాలుగు కుటుంబాల్ని పిలిచానని, రెండు కేకులూ, ఓ ట్రే నిండా కాల్చిన కూరగాయలూ చేస్తానని అన్నావు. అందుకే ఈ ఉత్తరం. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను గానీ, నువ్వు వాటిని సగం విని వదిలేస్తావు.

గవర్నమెంటు ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేశాను, అందులో ఎనిమిదేళ్ళు కాలిన గాయాల వార్డులో. గంజి ఒలికిన పిల్లలు, సాంబారు గిన్నెలో పడ్డ పిల్లలు, బకెట్లో వేడినీళ్ళు మీద పోసుకున్న పిల్లలు. అన్నీ చూశాను. ఓవెన్ తలుపుకి కాలిన చెయ్యి మాత్రం ఒక్కటి కూడా చూడలేదు. మొదటిసారి చూసింది న్యూజెర్సీలో, మీ అక్క ఇంట్లో. ఆ ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే మనిషిని నేనే.

నీకు ఈ సంగతి పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. మీ అక్క ఇంట్లో ఓవెన్ అంటే సగం అలమరా. బాండీలు, పెనాలు, పెద్ద ట్రేలు అన్నీ అందులోనే. చలికాలం వచ్చిందంటే వాటిని తీసేసి రాత్రిళ్ళు లైటు వేసి దోసెల పిండి గిన్నె, పాలగిన్నె లోపల పెట్టేవాళ్ళం. ఆ లైటు వెచ్చదనానికే పిండి పొంగేది, పెరుగు తోడుకునేది. నువ్వూ అదే చేస్తున్నావని నాకు తెలుసు, మీరంతా చేస్తారు. పొద్దున్నే పిల్లాడు నాతోపాటు పాక్కుంటూ వచ్చి, ఆ గ్లాసు మీద రెండు అరచేతులూ ఆనించి లేచి నిలబడేవాడు. లోపల పసుపు వెలుగు, పొంగిన పిండి, గ్లాసులో తన మొహం. తెగ నవ్వేవాడు. ఫోటో కూడా తీశాను. వాడికప్పుడు పదకొండు నెలలు.

ఒకరోజు సాయంత్రం పక్కింటి పాప పుట్టినరోజని మీ అక్క కేకు చేసింది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద. కేకు బయటికి తీసింది, ఓవెన్ ఆపేసింది, తలుపు వేసేసింది. పావుగంట పైనే అయింది. అందరం కేకు చుట్టూ ఉన్నాం. నేను చాకు కడుగుదామని సింక్ వైపు తిరిగాను. వాడు రోజూ వచ్చినట్టే వచ్చాడు. రోజూ ఆనించినట్టే రెండు చేతులూ ఆనించాడు.

కాలితే ఎవరైనా చెయ్యి చటుక్కున లాక్కుంటారు కదా, వాడు లాక్కోలేదు. అరుస్తూ అలాగే ఆనుకుని ఉన్నాడు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. అప్పుడప్పుడే నిలబడటం నేర్చుకున్న పిల్లకి చేతులే ఆసరా. వాటిని వదిలితే వెనక్కి పడిపోతుంది. ఒంటి బరువంతా అరచేతుల మీదే ఉంటుంది. పైగా ఆ వయసు చర్మం పల్చన, మన చేతికి చురుక్కుమన్న వేడి వాళ్ళ చేతిని బొబ్బలెక్కిస్తుంది. అందుకే నువ్వు వేలు అలా తాకించి చూసి “కొంచెం వెచ్చగా ఉందంతే” అనుకోవద్దు. నీ వేలు తగిలింది క్షణం, వాడి చెయ్యి ఉండేది అంతకన్నా చాలాసేపు.

మా చిన్నప్పటి కట్టెల పొయ్యి నోరున్న మనిషి లాంటిది. పొగ, మంట, చిటపటలు. పిల్ల దగ్గరికి పోతుండగానే సెగ మొహానికి కొట్టేది. ఓవెన్ అలాంటిది కాదు. ఆపేశాక కూడా గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఏమీ ఎరగనట్టు వేడిగా కూర్చుంటుంది. అన్నిటికంటే చెడ్డది, నెలలో ఇరవై తొమ్మిది రోజులు అది చల్లగా ఉంటుంది. రోజూ కాలే వస్తువుని పిల్లలు ఎప్పటికైనా నేర్చుకుంటారు. రోజూ చల్లగా ఉండి ఒక్కరోజు కాలేదాన్ని ఎలా నేర్చుకుంటారు? గ్లాసుతో ఆడుకోవచ్చని వాడికి నేర్పింది నేనే, ఆ పెరుగు గిన్నె చూపించి చూపించి.

అందుకని మొదటి మాట. ఇవాళ్టి నుంచే ఓవెన్ చల్లగా ఉన్నా వాణ్ణి ముట్టుకోనివ్వకు. పిండి గిన్నె చూపించి మురిపించకు. లైటు వేసి పిండి పెట్టాలనుకుంటే వాడు పడుకున్నాక పెట్టు, వాడు లేవకముందే తీసెయ్. కుదరదనుకుంటే ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో తోడుపెట్టుకో, ఏమీ కొంపలు మునగవు. “చల్లగా ఉన్నప్పుడు ఫరవాలేదు, వేడిగా ఉన్నప్పుడే వద్దు” అనే తేడా పది నెలల పిల్లాడికి తెలియదు. ఎప్పుడూ వద్దు అంటేనే వద్దు.

మీ అత్తగారు ఒక మాట అనొచ్చు. వేడి గ్లాసుకి వేలు ఓసారి తాకిస్తే వాడికే బుద్ధొస్తుందని. మా అమ్మా అదే అనేది, నేనూ ఒకప్పుడు నమ్మాను. అది పని చెయ్యదమ్మా. కాఫీ గ్లాసు కాలిందని తెలిసినంత మాత్రాన ఓవెన్ కూడా కాలుతుందని ఆ వయసు బుర్ర కలుపుకోలేదు. “ఉఫ్, వేడి” అనే మాట ఇప్పటి నుంచే అంటూ ఉండు, మంచిదే. ఏడాదిన్నర దాటాక ఆ మాట పనికొస్తుంది. ఈలోగా మాత్రం దాని మీద ఆధారపడకు. ఆవిడతో ఈ మాట నువ్వు చెప్పకు, అల్లుడుగారి చేత చెప్పించు.

ఇక ఇల్లు. వంటింటికి తలుపు లేదు కాబట్టి అడ్డం కట్టాలి. గోడకి స్క్రూలతో బిగించే బేబీ గేట్ అయితే గట్టిగా ఉంటుంది, అద్దె ఇల్లు కాబట్టి ముందు లీజింగ్ ఆఫీసులో అడుగు. మీ వంటింటి నోరు వెడల్పు కనక మడతలు మడతలుగా పొడుగ్గా వచ్చే రకం కావాలి. అది వచ్చేదాకా, ఓవెన్ ముందు మూడడుగుల దూరంలో నేల మీద రంగు టేపు అంటించు. అది పిల్లాడి కోసం కాదు, పెద్దవాళ్ళ కోసం. ఓవెన్ వేసి ఉండగా ఆ గీత లోపల పిల్లలెవరూ ఉండకూడదు. నాలుగు కుటుంబాలంటే కనీసం అయిదారుగురు పిల్లలు. పెద్ద పిల్లలు గేటు తీసి మూయడం మర్చిపోతారు, ఆ సందులోంచి వీడు దూరిపోతాడు.

ఓవెన్ తలుపు గ్లాసు మీద అంటించే పారదర్శకమైన అడ్డుపలక అమ్ముతారు, వేడి తట్టుకునేది. తలుపు లాక్, నాబ్‌లకి మూతలు కూడా దొరుకుతాయి. కొనుక్కో, కానీ అవి పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండిపోకు. నాకు వాటన్నిటికంటే గేటు మీదే నమ్మకం.

ఇంకొకటి, ఓవెన్ హ్యాండిల్‌కి చేతులు తుడుచుకునే టవల్ వేలాడదీశావు, కాల్‌లో చూశాను. పూలపూల టవల్, ముచ్చటగానే ఉంది. తీసెయ్. కింద నుంచి వాడికి అది పట్టుకు ఊగే తాడు. గట్టిగా లాగాడంటే తలుపే తెరుచుకుంటుంది. తెరిచిన తలుపు లోపలి వైపు ఎంత కాలుతుందో నేను చెప్పక్కర్లేదు, పైగా అది సరిగ్గా వాడి ఛాతీ ఎత్తుకి అరుగులా వచ్చి ఆగుతుంది.

తెరిచిన తలుపు మీద పిల్లలు ఎక్కితే స్టవ్ మొత్తం ముందుకి తూలి, పైనున్న మరిగే గిన్నెలతో సహా మీద పడుతుంది. ఇది జరగకుండా వెనక కాలికి తగిలేలా నేలకో గోడకో ఒక బ్రాకెట్ బిగిస్తారు. అమెరికాలో 1991 తర్వాత తయారైన రేంజ్‌లకి, అంటే పైన స్టవ్, కింద ఓవెన్ కలిసి ఉండేవాటికి, ఇది ఉండాలని ప్రమాణం. ఇచ్చారు సరే, తెచ్చినవాడు బిగించాడా లేదా అన్నది వేరే సంగతి. కింది సొరుగు బయటికి తీసి టార్చి వేసి చూడు. లేకపోతే లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టు, ఫోన్ కాదు.

పండగ రోజు సంగతి. కేకులు ముందురోజు రాత్రి వాడు పడుకున్నాక చేసేసుకో. కూరగాయలు మర్నాడు తప్పవు అనుకుంటే, ఓవెన్ వేసిన క్షణం నుంచి ఆపాక గంటన్నర దాకా పిల్లాడు ఒకరి చేతిలో ఉండాలి, లేదా హై చైర్లోనో ప్లే పెన్లోనో ఉండాలి. “ఒకరి చేతిలో” అంటే పేరు పెట్టి చెప్పాలి. “అందరం ఉన్నాం కదా” అంటే ఎవరూ చూడటం లేదని అర్థం, ఆ రోజు మేం ఆరుగురం ఉన్నాం. ఓవెన్ వేడిగా ఉందనడానికి గుర్తుగా ఫ్రిజ్ తలుపు మీద పైన ఎర్ర మాగ్నెట్ పెట్టు, చల్లారాకే తియ్యి. మీ అక్క ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి.

వాళ్ళొచ్చేలోపు మెరిసిపోవాలని ఓవెన్‌కి సెల్ఫ్ క్లీన్, అదే మురికిని వేడితో మాడ్చేసే పద్ధతి, పెట్టావంటే మాత్రం నాకు కోపమొస్తుంది. అప్పుడు లోపల 900 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి పోతుంది. తలుపు మామూలు కంటే బాగా ఎక్కువ కాలుతుంది, గంటల తరబడి. గుడ్డతో తుడుచుకో చాలు. చలిగా ఉందని ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వెచ్చబెట్టడం కూడా ఎప్పుడూ వద్దు.

ఇన్ని చేసినా కాలిందనుకో. అప్పుడు ఏం చెయ్యాలో ఇప్పుడే తలకెక్కించుకో, ఆ నిమిషంలో చదివే తీరిక ఉండదు.

చెయ్యి వెంటనే కుళాయి కింద పెట్టాలి. చల్లటి నీళ్ళు, సన్నటి ధార, ఇరవై నిమిషాలు. గడియారం చూసి ఇరవై. రెండు నిమిషాలకే ఏడుపు చూసి తీసేస్తారు, తియ్యొద్దు. ఐసు పెట్టకూడదు. చెయ్యి నీళ్ళలో ఉండగా మిగతా ఒళ్ళు దుప్పటి చుట్టి వెచ్చగా ఉంచు, నవంబరులో పసివాడు వణికిపోతాడు. చెయ్యి నీళ్ళ కింద ఉండగానే కడియాలు తీసెయ్యాలి. దిష్టికని నేనే పంపిన నల్లపూసల కడియాలు, బారసాలనాటి ఉంగరం. చెయ్యి వాచిందంటే అవి రావు, బిగిసిపోతాయి. అసలు వాటిని ఇప్పుడే తీసి బీరువాలో పెట్టెయ్, నేనేమీ అనుకోను. చర్మానికి అంటుకున్న గుడ్డ ఉంటే మాత్రం పీకొద్దు.

టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, నెయ్యి, దోసెల పిండి, గుడ్డు సొన, ఏదీ రాయొద్దు. ఆ రోజు మా ఇంటికి పక్కింటావిడ టూత్‌పేస్టు గొట్టం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, పాపం మంచి మనసుతోనే. సింక్ దగ్గర మోచేత్తో ఆవిణ్ణి పక్కకి నెట్టాల్సొచ్చింది. ఇప్పటికీ ఆవిడ నాతో ముభావంగానే ఉంటుంది. ఉండనీ.

నీళ్ళయ్యాక వంటింట్లో వాడే క్లింగ్ ర్యాప్ ముక్క వదులుగా పరిచి కప్పు, చుట్టూ బిగించి చుట్టకు. బొబ్బలు చిదపకు. పారాసిటమాల్ వాడి బరువుకి ఎంతో డాక్టరుని ముందే అడిగి ఫ్రిజ్ మీద రాసి పెట్టుకో. పసిపిల్లల అరచెయ్యి కాలితే రూపాయి బిళ్ళంత గాయమైనా సరే అదే రోజు డాక్టరుకి చూపించాలి. అరచెయ్యి మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి వేళ్ళు వంగిపోయే ప్రమాదం ఉంటుంది. వేళ్ళు ఒకదానికొకటి అంటకుండా కట్టు విడివిడిగా కట్టాలి. కాలిన చోట తెల్లగా, మందంగా ఉండి పిల్లాడు ఏడవడం లేదంటే సంతోషించకు, అది లోతుగా కాలిందనడానికి గుర్తు. మొహానికి తగిలినా, ఎక్కువ భాగం కాలినా ఆలోచించకుండా అంబులెన్సుకి 911 నొక్కు.

ఆసుపత్రిలో ఎలా జరిగింది, ఎవరున్నారు, ఎన్నింటికి అని రెండు మూడు సార్లు వేర్వేరు మనుషులు అడుగుతారు. మీ అక్క అప్పుడు తెగ టెన్షన్ పడింది, మన మీద అనుమానపడుతున్నారని. చిన్నపిల్ల కాలి వచ్చిందంటే అడగడం వాళ్ళ పని. నేనూ ముప్పై ఏళ్ళు అడిగినదాన్నే. ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాచబోతేనే తడబడతావు.

మనవడి చేతులు మానాయి. మూడు వారాలు పట్టింది, ఆ తర్వాత రెండు నెలలు వేళ్ళు సాగదీయించే ఎక్సర్‌సైజులు. ఇప్పుడు కీబోర్డు వాయిస్తాడు. ఎడమ చూపుడు వేలి కొస మీద చిన్న మచ్చ ఉంది. వాడికి దాని సంగతి తెలియదు, నేనే ప్రతిసారీ చెయ్యి పట్టుకున్నప్పుడు వెతుక్కుంటాను.

సంక్రాంతికి మీరు ఇక్కడికి వస్తారు కదా. మా ఓటీజీని, అదే చిన్న కరెంటు ఓవెన్‌ని, బల్ల మీద గోడ వైపుకి జరిపించాను, దాని వైరు కూడా వేలాడకుండా వెనక్కి కట్టించాను. దాని రేకు ఒళ్ళంతా కాలుతుంది, గ్లాసు ఒక్కటే కాదు. మీరున్నన్నాళ్ళూ దాన్ని వెయ్యను.

ఆదివారం కాల్ చేసినప్పుడు ముందు వాడి మొహం చూపించు, తర్వాత కెమెరా కింది సొరుగు వెనక్కి తిప్పు. ఆ బ్రాకెట్ నేను చూడాలి.

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ పెద్దమ్మ