నాలుగు ధామాలు కాదు, ఒక లోయ చూసిరా

చి. సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఎనిమిది రోజుల్లో యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బదరీనాథ్, పైగా రిషీకేశ్‌లో రాఫ్టింగ్! మొక్కు ఉన్నవాళ్ళు కూడా అంత పరుగు పెట్టరే తల్లీ. "దేవుడి కోసం కాదు పెద్దమ్మా, కొండల కోసం వెళ్తున్నాం, ఏమీ అనుకోకు" అని రాశావు. నేనేమీ అనుకోను. మొక్కుకున్నవాళ్ళు వాన పడినా, ఆయాసం వచ్చినా గుడి చూడకుండా వెనక్కి రాలేరు. నీకా బంధం లేదు. దారి బాగాలేకపోతే ఆగిపోవచ్చు, నచ్చిన ఊళ్ళో ఇంకో రోజు ఉండిపోవచ్చు. ఆ వీలు ఉంచుకుని నాలుగు గుళ్ళకూ టిక్కులు కొట్టుకుంటూ తిరగడం దేనికి?

కేదార్‌నాథ్ ఉన్న మందాకిని నది లోయ ఒక్కటే పెట్టుకోండి. జూన్ మాత్రం వద్దు, సెలవుల జనమంతా అప్పుడక్కడే ఉంటారు. తర్వాత రెండు నెలలూ వానలకు కొండచరియలు విరిగిపడుతుంటాయి. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో అయితే ఆకాశం తేటపడి మంచుకొండలు కనిపిస్తాయి. మనం భగినీ హస్త భోజనం చేసే రోజున కేదార్ గుడి మూసేసి, ఉత్సవమూర్తిని శీతాకాలానికి కిందున్న ఊఖీమఠ్ అనే ఊరికి తీసుకొస్తారు. ఆలోపే వెళ్ళిరండి. టూరిస్టులమైనా సరే, కేదార్‌కి ప్రభుత్వ సైట్‌లో రిజిస్ట్రేషన్ తప్పదు.

హరిద్వార్‌లో తెల్లవారకముందే బయల్దేరండి. చీకటి పడ్డాక ఆ ఘాట్ రోడ్ల మీద ఉండకూడదు. డ్రైవర్ "ఇక్కడే ఆగిపోదాం" అంటే వాదించకండి, ఆ కొండ సంగతి అతనికే తెలుసు. దేవప్రయాగలో మాత్రం బండి ఆపించి కిందిదాకా మెట్లు దిగండి. భాగీరథిది ఒక రంగు, అలకనందది ఇంకో రంగు. రెండూ కలిసిన అక్కడి నుంచే ఆ నదిని గంగ అంటారు. చాలామంది పైన రోడ్డు మీదే ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

ఇక అసలు విషయం. తిన్నగా కేదార్ ఎక్కకండి. ముందు ఊఖీమఠ్ మీదుగా చోప్తా వెళ్ళి ఒకటి రెండు రాత్రులు ఉండండి. అక్కడి నుంచి తుంగనాథ్ గుడికి నాలుగు కిలోమీటర్ల లోపు నడక. ఆ గుడి దాదాపు 3,680 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే కేదార్ కంటే పైనే. పొద్దున్నే ఎక్కి, చూసి, కిందికొచ్చి పడుకుంటే ఆ పలచటి గాలి ఒంటికి కాస్త అలవాటవుతుంది. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది, ఆలస్యంగా లేస్తే కనిపించేది పొగమంచే. నన్నడిగితే తుంగనాథే చాలంటాను, కానీ నువ్వు కేదార్ మానవని తెలుసు.

కేదార్‌కి గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్ల నడక, దాదాపు అంతా ఎక్కుడే. గుర్రాలు, కంచరగాడిదలు ఎదురైనప్పుడు కొండ వైపు ఒదిగి నిలబడండి, లోయ వైపు ఎప్పుడూ వద్దు. గొడుగు కాదు, రెయిన్‌కోటు. హెలికాప్టర్‌లో పోతే నిమిషాల్లో దింపేస్తారు, ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు. ఎలా వెళ్ళినా తలనొప్పి, వాంతులు మొదలైతే "పొద్దుటికి తగ్గుతుందిలే" అని పడుకోకండి. కిందికి దిగడమే మందు. మాత్రల సంగతి బయల్దేరే ముందు డాక్టర్‌నే అడుగు.

దారిలో రామ్‌బాడా దగ్గర కాసేపు ఆగు. 2013 జూన్ వరదకు ముందు అక్కడ దుకాణాలు, సత్రాలు ఉండేవి. పైన చోరాబారీ సరస్సు గట్టు తెగి, రాళ్ళూ నీళ్ళూ కలిసి వచ్చి అంతా ఊడ్చుకుపోయాయి. పాత బాట పోయింది కాబట్టే ఇప్పుడు అక్కడ నది దాటి అవతలి ఒడ్డున ఎక్కుతాం. గుడి వెనక పెద్ద బండ కనిపిస్తుంది, భీమశిల అంటారు. ప్రవాహం దానికి తగిలి రెండుగా చీలడం వల్లే గుడి నిలిచిందంటారు. ఆ వరదలో తమవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు ఆ బండ దగ్గర ఏడుస్తూ కనిపిస్తే ఫోన్ దించెయ్యి.

నమ్మకం లేకపోతే దర్శనం లైన్లో నిలబడక్కర్లేదు. నీ చోటు ఇంకో ముసలమ్మకు దక్కుతుంది. బయట తిరుగు, సాయంత్రం హారతి చూడు. లోపలికి వెళ్తే మాత్రం ఫోన్ తీయకు.

తిండికి ఆలూ పరాఠా, రాజ్మా, మాగీ దొరుకుతాయి. మాంసం, మందు సంగతి ఆ వారం మర్చిపొమ్మని మీ ఆయనకు చెప్పు. వంటవాళ్ళతో సహా దిగే మన యాత్రా బస్సులవాళ్ళు కనిపిస్తే సిగ్గుపడకుండా పలకరించు, పులిహోర పెట్టకుండా వదలరు. డబ్బు చేతిలో ఉంచుకో, పైన నెట్‌వర్క్ పోతే యూపీఐ పనిచేయదు. ఫోన్ కూడా అంతే. రెండు రోజులు మాట్లాడకపోయినా టెన్షన్ పడొద్దని మీ అమ్మకు ముందే చెప్పి వెళ్ళు, లేకపోతే నాకు నిద్ర ఉండనివ్వదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ