రోజూ వేసుకోవడానికి కాటనా, డ్రై ఫిట్టా? విశాఖ ఉక్కపోతలో నాకు తెలిసింది

మీరు అడిగింది ఇదీ: పొద్దున శివాజీ పార్కులో వాకింగ్, అట్నుంచి అటే రైతు బజారు, తర్వాత బాబును స్కూల్లో దింపడం, ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోవడం, ఇవన్నీ ఒకే డ్రెస్‌తో అయిపోవాలి, చూడ్డానికి కూడా నీటుగా ఉండాలి, దానికి కాటన్ కొనాలా లేక జిమ్‌లో వేసుకునే డ్రై ఫిట్ రకం కొనాలా అని. చివర్లో మీవారి ట్రాక్ ప్యాంటు గురించి కూడా అడిగారు, అదీ చెప్తాను.

రోజంతా ఒకే జతతో ఉండేటట్టయితే పైన కాటన్ వేసుకోండి, కింద లైక్రా (రబ్బరులా సాగే పోగు) కలిసిన కాటన్ గానీ మెత్తటి నైలాన్ గానీ. డ్రై ఫిట్ అని అమ్మే పూర్తి పాలిస్టర్‌ని చెమట ధారగా కారే ఆ గంట, గంటన్నరకే ఉంచండి, అది అవ్వగానే విప్పి మార్చేసుకోవాలి. గుడ్డ మంచిదా చెడ్డదా అనేదాని కంటే తడిసిన గుడ్డ మన ఒంటి మీద ఎంతసేపు ఉంటుందన్నదే అసలు లెక్క. నేను అచ్యుతాపురం వైపు ఒక గార్మెంట్ యూనిట్‌లో కొన్నేళ్లు క్వాలిటీ సెక్షన్‌లో పనిచేశాను, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటూ పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తాను. కాబట్టి ఈ బట్టల్ని టేబుల్ మీదా చూశాను, ఒంటి మీదా చూశాను.

ముందు మన ఊరి సంగతి. రెంటచింతలలోనో హైదరాబాద్‌లోనో మే నెలలో ఎండ మాడ్చేస్తుంది గానీ గాలి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. మనకి థర్మామీటర్‌లో అంత వేడి కనిపించదు, కానీ ఉక్కపోతకి స్నానం చేసొచ్చిన పది నిమిషాలకే మళ్లీ జిడ్డు. డ్రై ఫిట్ పనిచేసే పద్ధతి తెలిస్తే ఈ తేడా ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. పాలిస్టర్ పోగు నీళ్లు తాగదు. మామూలు గాలిలో కాటన్ తన బరువులో దాదాపు 8.5 శాతం తేమ పట్టి ఉంచుకుంటే, పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. చెమట పోగు లోపలికి పోకుండా పోగుల మధ్య సందుల్లోంచి బయటి వైపుకి పాకి పలచగా పరుచుకుంటుంది, అక్కడి నుంచి గాలికి ఆరిపోతుంది. ఈ ఆరడం అనే చివరి పని గుడ్డది కాదు, గాలిది. గాలిలో అప్పటికే తేమ నిండిపోయి ఉంటే ఎంత ఖరీదైన టీషర్టయినా తడిగానే ఉండిపోతుంది.

అందుకే అదే టీషర్టు బీచ్ రోడ్డులో సముద్రపు గాలి తగులుతుంటే హాయిగా ఉంటుంది, రైతు బజార్లో జనం మధ్యకి వెళ్లగానే చిరాకు పెడుతుంది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపి నిలబడ్డప్పుడు వీపుకి అతుక్కుపోతుంది, గమనించే ఉంటారు.

కాటన్ తీరు వేరు. చెమటని పోగు లోపలికే లాక్కుంటుంది, అందుకే కొద్దిపాటి చెమటైతే పట్టినట్టే తెలియదు, కూరగాయలు కొనేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, వంట చేసేటప్పుడు అదే సుఖం. కానీ దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే బరువెక్కి, ఒంటికి అంటుకుని, ఎంతసేపటికీ ఆరదు. గంటసేపు పరిగెత్తేవాళ్లకి, జుంబా క్లాసుకి వెళ్లేవాళ్లకి కాటన్ చెప్పను నేను.

ఈ రెండూ పక్కపక్కన ఎలా ఉంటాయో సింహాచలం గిరి ప్రదక్షిణలో బాగా చూశాను. మీకు తెలిసిందే, ఆషాఢ పౌర్ణమికి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతాం, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఆ రోజుల్లో వాన పడకపోతే ఉక్క, ఉక్క లేకపోతే వాన. నేను పలచటి పాలిస్టర్ టీషర్టు, నైలాన్ ప్యాంటు వేసుకున్నాను, మా ఆడపడుచు మందపాటి కాటన్ కుర్తీ, కాటన్ లెగ్గింగ్స్. హనుమంతవాక దగ్గర ఒక జల్లు పడింది, ఇద్దరం తడిసి ముద్దయ్యాం. అప్పుఘర్ దాటి ఇసుకతోట వచ్చేసరికి నా బట్టలు ఇంచుమించు ఆరిపోయాయి, తన లెగ్గింగ్స్ మాత్రం మోకాళ్ల దగ్గర జారి మడతలు పడి, తొడల దగ్గర తడి గుడ్డ ఒరుసుకుని చర్మం కందిపోయింది. మాధవధార దగ్గర ఒక స్టాల్‌లో కొబ్బరి నూనె అడిగి రాసుకుంటే గానీ అడుగు వేయలేకపోయింది పాపం. అంతవరకు నా బట్టలదే గెలుపు. తెల్లారి ఇంటికి చేరి ఇద్దరం బట్టలు బకెట్లో వేశాక చూడాలి, తన కుర్తీకి తడి వాసన తప్ప ఏమీ లేదు, నా టీషర్టు చంకల దగ్గర మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోలేనంత కంపు.

ఆ వాసనకి కారణముంది. పాలిస్టర్‌కి నీళ్లంటే పడదు గానీ నూనెంటే ఇష్టం. ఒంటి జిడ్డంతా పట్టి ఉంచుకుంటుంది, దాని మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. 2014లో బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీ వాళ్లు 26 మందితో గంటసేపు సైకిల్ ఎక్సర్‌సైజ్ చేయించి, వాళ్ల టీషర్టుల్ని మర్నాటి దాకా అలాగే ఉంచి పరీక్షించారు. కాటన్ కంటే పాలిస్టర్ చొక్కాలకే వాసన ఎక్కువని, వాసన పుట్టించే మైక్రోకాకస్ అనే రకం పాలిస్టర్ మీదే బాగా పెరుగుతోందని తేలింది. ఇంట్లో దీన్ని కనిపెట్టడం తేలిక. ఉతికి, ఎండలో ఆరేసి, మడత పెట్టినప్పుడు ఏ వాసనా లేని పాత డ్రై ఫిట్ టీషర్టుకి చంక దగ్గర గోరువెచ్చగా ఇస్త్రీ పెట్టె ఆనించండి, లేదా వేసుకుని ఒక పావుగంట నడవండి, ఒంటి వేడి తగలగానే పాత వాసన మళ్లీ లేస్తుంది. జిడ్డు ఇంకా పోగుని వదల్లేదన్నమాట. అలాంటి చొక్కాతో స్కూలు గేటు దగ్గర నలుగురు తల్లుల మధ్య నిలబడాలంటే ఎవరికైనా ఇబ్బందే కదండీ.

చర్మం సంగతి ఇంకా ముఖ్యం. మన దగ్గర తామర ఎంతమందికి ఉంటుందో, ఒకసారి వస్తే ఎంత మొండిగా ఉంటుందో చూస్తూనే ఉన్నాం. తడిగా, బిగుతుగా, గాలి ఆడకుండా ఉన్న చోటే అది పెరుగుతుంది. చర్మం డాక్టర్లు వదులుగా ఉండే కాటన్ వేసుకోమనేది అందుకే. వాకింగ్ అయ్యాక అదే తడి లెగ్గింగ్స్‌తో మధ్యాహ్నం దాకా కుర్చీలో కూర్చోవడం మాత్రం దయచేసి చేయకండి. గజ్జల్లో దురదో, వీపు మీద చెమటకాయలో ఇప్పటికే ఉంటే ఇక ఆలోచించే పనే లేదు, పూర్తిగా కాటన్‌కి వచ్చేయండి, లోదుస్తులతో సహా.

ఇక చూడ్డానికి ఎలా ఉంటుందన్నది. మీరు అడిగింది జిమ్ డ్రెస్ గురించి కాదు కాబట్టి ఇది వివరంగా చెప్తాను. పాలిస్టర్‌కి ఉండే మెరుపు ట్యూబ్‌లైట్ కింద, ఫోటోల్లో బాగా తెలిసిపోతుంది, చీప్‌గా కనిపించేది దానివల్లే. మ్యాట్ ఫినిష్ ఉన్నవి దొరుకుతాయి, ఇంటర్‌లాక్ అల్లికలో వచ్చేవి కాస్త దళసరిగా, నునుపుగా, ఒంటికి అతుక్కోకుండా నిలబడతాయి. సింథటిక్ తీసుకోవాలనుకుంటే వాటినే వెతకండి. కాటన్ టీషర్టులో జీఎస్ఎం చూడాలి, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందనే లెక్క. 140 లోపు ఉంటే పలచన, లోపలి స్ట్రాప్ కనిపిస్తుంది, నాలుగు ఉతుకులకి కాలర్ అలల్లా తిరిగిపోతుంది. 220 దాటితే మన వాతావరణానికి బరువు. 160 నుంచి 180 మధ్య కూంబ్డ్ కాటన్ (పొట్టి పోగుల్ని దువ్వి తీసేసింది), బయోవాష్ అని రాసి ఉన్నవి తీసుకోండి. బయోవాష్ అంటే ఎంజైమ్‌తో గుడ్డ మీది నూగు తీసేయడం, అందువల్ల తొందరగా ఉండలు కట్టదు. మొదటి ఉతుకులో టీషర్టుల్లో వాడే అల్లిక కాటన్ గుడ్డ ఎంతో కొంత పొట్టిదవుతుంది, ముఖ్యంగా పొడవులో, అందుకని నడుము మీదికి అంటీముట్టనట్టున్న సైజు కొనకండి.

రంగు కూడా. లేత బూడిద రంగులో నల్ల చుక్కల్లా ఉండే మెలాంజ్ టీషర్టు షాపులో ఎంతో స్టైల్‌గా ఉంటుంది, కానీ చెమట మరక దానిమీద కనిపించినంత ఇంకదేనిమీదా కనిపించదు. తెలుపు, నేవీ బ్లూ, చిన్న ప్రింట్లు ఉన్నవి చెమటని దాచేస్తాయి. నలుపు తడిని దాస్తుంది గానీ ఆరాక కాటన్ నలుపు మీద వీపు దగ్గర తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి, రైతు బజార్లో మన వెనకవాళ్లకి అవి కనిపిస్తాయి.

కింద వేసుకునేదానికి వస్తే, నూటికి నూరు శాతం కాటన్ లెగ్గింగ్స్ కొనొద్దు. సాగిందంటే మళ్లీ వెనక్కి రాదు, సాయంత్రానికి మోకాళ్ల దగ్గర సంచులు. 5 నుంచి 8 శాతం లైక్రా కలిసినవి ఆకారం నిలుపుకుంటాయి, కాస్త వదులుగా ఉండే స్ట్రెయిట్ కట్ ప్యాంటు అయితే పైన కాటన్ కుర్తీ వేసినా, టీషర్టు వేసినా బాగుంటుంది. నైలాన్ పాలిస్టర్ కంటే మెత్తగా ఉంటుంది, ఒరిపిడికి బాగా తట్టుకుంటుంది, తొడల దగ్గర ఉండలు కట్టడం తక్కువ. షాపులోనే మోకాలి భాగాన్ని రెండు చేతులతో అడ్డంగా లాగి వెలుతురుకి పట్టి చూడండి, అవతల చేతి గీతలు కనిపిస్తే వంగినప్పుడు అన్నీ కనిపిస్తాయి. వదిలేశాక వెంటనే దగ్గరకి రావాలి.

జగదాంబ, డాబాగార్డెన్స్, పూర్ణా మార్కెట్ వైపు కొనేటప్పుడు 'ప్యూర్ కాటన్ మేడం' అనే మాటని అక్కడే వదిలేసి లోపలి లేబుల్ చూడండి. హోల్‌సేల్ వాళ్లు పీసీ అంటే పాలిస్టర్, కాటన్ కలిపిందని అర్థం, అందులో ఎక్కువ పాలు పాలిస్టర్‌దే. సీవీసీ అంటే కాటన్ పాలు ఎక్కువ. సీవీసీ చెడ్డదేం కాదు, ముడతలు తక్కువ, త్వరగా ఆరుతుంది, వానాకాలానికి నాకైతే అదే ఇష్టం. కానీ ప్యూర్ కాటన్ ధర పెట్టి పీసీ కొనకూడదు. అనుమానమొస్తే ఇంటికొచ్చాక ఒక పోగు కాల్చి చూడొచ్చు, కాటన్ కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది. పోగు మాత్రం గుడ్డలోంచి తీయాలి, కుట్టులోంచి కాదు. కాటన్ బట్టలు కుట్టే దారం కూడా చాలావరకు పాలిస్టరే, దాన్ని కాల్చి చూసి షాపువాడితో గొడవపడితే మనకే మర్యాద ఉండదు.

ఉతకడంలో ఒక్కటి గట్టిగా చెప్తాను: డ్రై ఫిట్ బట్టలకి కండిషనర్ లిక్విడ్ వేయకండి. అది పోగుల మీద పూతలా పట్టి చెమట పాకే దారుల్ని మూసేస్తుంది, వాసన పెరుగుతుంది. తిరగేసి, విప్పిన రోజే ఉతికేయాలి. తడిది బ్యాగులోనో మెషిన్లోనో మర్నాటిదాకా ఉంటే ఇక ఆ వాసన దాంతోనే. లైక్రా ఉన్నదానికి బ్లీచింగ్, బాగా వేడి ఇస్త్రీ రెండూ పనికిరావు, సాగుడు పోతుంది. వానాకాలంలో మన బాల్కనీల్లో దళసరి కాటన్ ట్రాక్ ప్యాంటు రెండ్రోజులైనా ఆరక ముక్కిపోయిన వాసన వస్తుంది, అందుకే జూలై నుంచి అక్టోబర్ దాకా పలచటివే వాడండి. ఇంకో విషయం, సింథటిక్ బట్టలు ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ నూగు నీళ్లలో పోతుంది, మన గెడ్డలన్నీ చివరికి కలిసేది సముద్రంలోనే. నాకు ఇది నిజంగా బాధ కలిగించే సంగతి, అవసరానికి మించి సింథటిక్ కొనకపోవడానికి అదీ ఒక కారణం.

మీ చోట నేనైతే ముందు మూడు కాటన్ టీషర్టులు, రెండు లైక్రా కలిసిన ప్యాంట్లు తీసుకుంటాను, జోరుగా నడిచే రోజులకి ఒకే ఒక్క మంచి డ్రై ఫిట్. ఆ రోజు బ్యాగులో ఒక కాటన్ టీషర్టు పడేసుకుంటే పార్కు అయ్యాక మార్చుకోవచ్చు, అదే సగం సమస్య తీరుస్తుంది.

మీవారి విషయం. ఆయన కైలాసగిరి మెట్లెక్కుతారన్నారు కాబట్టి పలచటి నైలాన్ ట్రాక్ ప్యాంటే సరి, లోపల మాత్రం కాటన్. బిగుతుది వద్దు, మోకాలు వంచితే పట్టేస్తుంది. లోపల నెట్ లైనింగ్ ఉన్నది అసలే వద్దు, మన ఉక్కకి అది ఒంటికి చుట్టుకుపోతుంది. జేబుకి జిప్పు ఉందో లేదో చూసి కొనండి, నైలాన్ జేబులోంచి ఫోను ఇట్టే జారిపోతుంది.