పూజకు వెళ్తున్నా పరాయిగానే ఉందా? రాలేనివాళ్ల పేర్లు అడగండి

మీ ప్రశ్న ఇది: కొత్త చోటికి మారి ఎనిమిది నెలలైంది, ప్రతి ఆదివారం దివ్యపూజకు వెళ్తున్నారు, ఎవరూ పలకరించలేదు, కతోలిక సంఘంలో నాకంటూ ఓ చోటు, బతుక్కి ఓ అర్థం ఎలా దొరుకుతాయి?

ముందు చోటు సంగతి. అది మీకు ఇప్పటికే ఉంది. 1983 నాటి చర్చి చట్టంలో 518వ సూత్రం ప్రకారం విచారణ (పారిష్) అంటే ఓ హద్దు, ఆ హద్దులో నివసించే విశ్వాసులందరూ దాని మనుషులే. భాషను బట్టో పూజా రీతిని బట్టో ఏర్పడిన ప్రత్యేక విచారణలు ఉంటాయి కానీ మామూలు పద్ధతి ఇదే. 102వ సూత్రం ఇంకా తేలిక చేసింది: మూడు నెలలు ఉండాలనే ఉద్దేశంతో వచ్చినా, నిజంగానే మూడు నెలలు ఉన్నా, మీరు అక్కడివారే. ఆఫీసు రిజిస్టర్‌లో పేరు రాయించుకోవడం మంచిదే, సర్టిఫికెట్లకు పనికొస్తుంది. ఆ రాయించుకోవడంతో మాత్రం మీరు కొత్తగా సభ్యులైపోరు. అక్కడి విచారణ గురువులు మీకూ గురువులే. మొహమాటపడాల్సిన పనే లేదు.

ఇక పరాయితనం. ఇక్కడ నాది గట్టి అభిప్రాయం, వాదించడానికైనా సిద్ధమే. పలకరింపుల వల్ల చోటు దొరకదు. గుమ్మం దగ్గర చిరునవ్వుతో స్వాగతం చెప్పే బృందాలు చాలా చోట్ల పెట్టారు, వాళ్ల శ్రమను తక్కువ చేయను. కానీ ఆ నవ్వు అందరికీ ఒకటే. మీరు రాని ఆదివారం కూడా అదే నవ్వు, మీ వెనక వచ్చినవారికి వెళ్లిపోతుంది. మీరు రాకపోతే ఏదో ఒకటి ఆగిపోవాలి, ఎవరో ఒకరు తలుపు వైపు చూడాలి. అప్పుడే అది మీ సంఘం. కాబట్టి వెతకాల్సింది స్నేహాన్ని కాదు, మీ పేరు, తేదీ రాసిపెట్టిన ఒక చిన్న పనిని. స్నేహం ఆ పని వెనకే వస్తుంది.

అన్ని పనుల్లోకీ దీనికి బాగా సరిపోయేది రోగుల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే అప్పం, తీసుకెళ్లే సేవ. దాని వయసు చర్చి వయసంత. సుమారు 155లో రోమ్‌లో జస్టిన్ అనే విశ్వాసి, క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో చక్రవర్తికి వివరిస్తూ ఓ మాట రాశాడు: పూజకు రాలేకపోయినవారికి వారి భాగాన్ని డీకన్ల (గుడి పరిచారకుల) చేత పంపుతారని. అది ఇళ్లలో కలుసుకునే కాలం. ఆ కాలంలోనే ఎవరు రాలేదో వాళ్లు లెక్క చూసుకున్నారు. ఇప్పుడు మైకులు, స్క్రీన్లు, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క లెక్క మాత్రం చాలా విచారణల్లో ఎవరి దగ్గరా లేదు. గ్రూపు తెరిస్తే నలభై శుభోదయం బొమ్మలు. వాటి కింద ఎక్కడో ఫలానావారికి ఆపరేషన్ అనే కబురు కూరుకుపోయి ఉంటుంది.

ఈ సేవలోకి నేరుగా దూకలేరు. పూజలో గానీ ఇళ్లలో గానీ సత్ప్రసాదం పంచే గృహస్థులకు, అంటే గురువులు కాని విశ్వాసులకు, పీఠాధిపతి (బిషప్) నుంచో ఆయన తరఫువారి నుంచో అనుమతి ఉండాలి. ముందు శిక్షణ ఉంటుంది, అనుమతికి సాధారణంగా గడువు కూడా ఉంటుంది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందినవారై, తామూ సత్ప్రసాదం స్వీకరిస్తున్నవారై ఉండాలి. వివాహ విషయంలో చిక్కు ఉండో మరో కారణంతోనో సత్ప్రసాదం స్వీకరించలేని స్థితిలో ఉన్నవారు దీంతో తలుపు మూసుకుపోయిందనుకోకండి. వెళ్లేవారికి తోడుగా వెళ్లడం, బండి నడపడం, రోగి దగ్గర కూర్చున్నవారికి గంట విశ్రాంతి ఇవ్వడం, వీటికి ఏ అనుమతీ అక్కర్లేదు. మొదటి రెండు మూడు నెలలు అందరూ అలా తోడుగా వెళ్లడమే మంచిది.

ఒక్క సందర్శన ఎలా సాగుతుందో దగ్గరగా చెప్తాను.

పూజ చివర ఫాదర్ గారు మూడో నాలుగో సత్ప్రసాదాలు పిక్స్‌లో పెట్టి ఇస్తారు. పిక్స్ అంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి లోహపు డబ్బా, మూత గట్టిగా పడుతుంది. దాన్ని చిన్న సంచిలో పెట్టి మెడలో వేసుకుంటారు. ప్యాంటు జేబులో, హ్యాండ్‌బ్యాగులో తాళాలతో పాటు వేయకూడదు. అక్కడి నుంచి నేరుగా ఆ ఇంటికే. దారిలో కొనుగోళ్లు, కబుర్లు వద్దు. రాత్రికి ఇంట్లో దాచి రేపు వెళ్దాం అనడం అసలే కుదరదు.

వెళ్లే ముందు రోజు ఫోన్ చేసి ఉండాలి. ఆ ఫోన్‌లో అడగాల్సినవి మూడు: ఏ సమయానికి మెలకువగా ఉంటారు, మింగగలుగుతున్నారా, ఇంట్లో ఇంకెవరైనా స్వీకరిస్తారా. రెండోది అడగక చాలామంది ఇబ్బంది పడతారు. పక్షవాతం వచ్చినవారికీ, మందుల వల్ల నోరు ఎండిపోయినవారికీ మొత్తం అప్పం అంగిలికి అతుక్కుంటుంది, పొలమారుతుంది. చిన్న తునక చాలు, ఆ తునకలోనూ క్రీస్తు పూర్తిగా ఉన్నాడన్నది మన విశ్వాసం. పక్కన గ్లాసులో నీళ్లు సిద్ధంగా ఉంచాలి. గట్టి పదార్థం ఏదీ మింగలేనివారికి ద్రాక్షారస రూపంలో ఇచ్చే వీలుంది, అది ఫాదర్ గారితో మాట్లాడి చేయాలి. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం అనే నియమం గురించి రోగులు తెగ మథనపడతారు. 919వ సూత్రం వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి ఆ నియమాన్ని సడలించింది. గంట లోపు ఏదైనా తిన్నా స్వీకరించవచ్చు. మందు వేసుకోవడం మానేసి ఎదురుచూసే పెద్దవాళ్లు ఉంటారు, ఈ మాట ఫోన్‌లోనే చెప్పేయండి.

ఇంటికి వెళ్లాక బల్ల మీద తెల్లటి గుడ్డ పరచి, కొవ్వొత్తి వెలిగించి, పిక్స్ దాని మీద పెడతారు. గదిలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే కొవ్వొత్తి వద్దు, ఇది మరిచిపోకూడని జాగ్రత్త. టీవీ కట్టేయమని మెల్లగా అడగాలి. ఈ ఇంటికీ ఇందులో ఉన్నవారికీ శాంతి కలగాలని చెప్పి మొదలుపెట్టి, పశ్చాత్తాప ప్రార్థన, ఆ రోజు సువిశేషంలోంచి కొన్ని వాక్యాలు, ఆపైన పరలోక జపం. ఇక్కడ తొందరపడకండి. మతిమరుపు ముదిరి సొంత పిల్లల పేర్లు కూడా చెప్పలేనివారు, మొదటి వాక్యం వినగానే పెదవులు కదపడం ఈ సేవ చేసే ఎవరినడిగినా చెప్తారు. మీరు వేగంగా చదివితే ఆ పెదవులు వెనకబడి ఆగిపోతాయి. వాళ్ల ఊపిరి ఎంత నిదానమో మీ మాట అంత నిదానం ఉండాలి. తర్వాత సత్ప్రసాదాన్ని చూపిస్తూ "ఇదిగో దేవుని గొర్రెపిల్ల", ఆ పైన "క్రీస్తు శరీరం". ఆమెన్ అనలేకపోతే కళ్లు మూసి తెరిచినా చాలు.

స్వీకరించాక నిశ్శబ్దంగా ఉండాలి. కొత్తవారు ఇక్కడే ఓడిపోతారు. నిశ్శబ్దం భరించలేక కబుర్లు మొదలుపెడతారు, లేదంటే పిక్స్ సర్దుకుంటారు. రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. చివర ప్రార్థన, దీవెన కోరడం. గురువులు కాని మనం చేయి చాపి దీవించకూడదు, దేవుడు మనందరినీ దీవించాలని అంటూ మన మీదే సిలువ గుర్తు వేసుకోవాలి. మొత్తం పదిహేను ఇరవై నిమిషాలు.

పొరపాట్లు జరుగుతాయి. నోట్లోంచి తునక బయటికి వస్తే కంగారుపడి చెత్తబుట్టలో వేయకూడదు. శుభ్రమైన గుడ్డలోకి తీసుకుని గుడికి తెచ్చి నీళ్లలో పూర్తిగా కరగనివ్వాలి, ఆ నీళ్లను సక్రిస్టీలో, అంటే పూజ సామగ్రి ఉంచే గదిలో, నేలలోకి పోయే ప్రత్యేకమైన తొట్టిలో పోస్తారు. ఆ రోజు రోగి వద్దంటే బలవంతం లేదు. మిగిలిన సత్ప్రసాదం గుడిలో దాన్ని భద్రపరిచే మందసంలోకి తిరిగి చేరాలి, లేదా అక్కడే మీరు స్వీకరించాలి. పిక్స్‌ను శుభ్రం చేసిన నీళ్లు తాగేస్తారు.

పిక్స్ మూసేశాక పని అయిపోలేదు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలని ఉందా, ఆరోగ్యం దిగజారుతోందా అన్నది కనిపెట్టి అదే రోజు ఫాదర్ గారికి చెప్పాలి. అవస్థ అభ్యంగనం, అంటే రోగికి నూనె పూసి చేసే సంస్కారం, గురువులు మాత్రమే ఇవ్వగలరు. దాన్ని ఆఖరి ఊపిరికి దాచిపెట్టడం చాలా కుటుంబాలు చేసే పెద్ద తప్పు. జబ్బు వల్లో వయసు వల్లో ప్రాణానికి ముప్పు మొదలైనప్పుడే ఇవ్వవచ్చని చట్టమే చెప్తుంది, పెద్ద ఆపరేషన్‌కు ముందు కూడా అడగవచ్చు. స్పృహ తప్పాక ఫోన్ చేసి, ఫాదర్ రాలేదని జీవితాంతం కోపం పెట్టుకోవడం చూస్తుంటాం. ఆసుపత్రులు గోప్యత కారణంగా విచారణకు ఏమీ చెప్పవు. కుటుంబమే చెప్పాలి, లేదా మీరు చెప్పాలి.

ఇలా నెలకు రెండుసార్లు ఇద్దరి ఇళ్లకు వెళ్తే చాలు. అప్పుడు ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థనలో "రోగుల కొరకు" అన్నప్పుడు మీకు రెండు ముఖాలు కనిపిస్తాయి. వాళ్ల పిల్లలు గుడి బయట మిమ్మల్ని ఆపి అమ్మ ఎలా ఉందో చెప్తారు. ఎనిమిది నెలలుగా మీరు ఎదురుచూసిన పలకరింపు అదే, వేరే దారిలో వస్తుంది.

అర్థం గురించి కూడా అడిగారు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్ అనే విద్యార్థి తోటివారితో కలిసి చర్చి గురించి వాదోపవాదాలు నడిపేవాడు. మీ చర్చి ఇప్పుడు ఏం చేస్తోందో చూపించండి అని ఎదుటివారు నిలదీశారు. ఆ ఏడాది ఏప్రిల్ 23న, తన ఇరవయ్యో పుట్టినరోజున, కొద్దిమంది మిత్రులతో మొదటి సమావేశం పెట్టాడు. పేదల ఇళ్లకు ఎలా వెళ్లాలో వాళ్లకు రోజలీ రాందు అనే సిస్టర్ నేర్పింది. అదే ఇవాళ్టి సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ. వాళ్లు అర్థాన్ని ముందు తేల్చుకుని తర్వాత బయల్దేరలేదు, ఇంటి చిరునామా తీసుకుని బయల్దేరారు. 1921లో డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ మొదలుపెట్టిన లీజన్ ఆఫ్ మేరీ కూడా అంతే: ప్రతి వారం సమావేశం, జపమాల, గత వారం అప్పగించిన పని చేశారా లేదా అని ఒక్కొక్కరి నోట వినడం. బయటివారికి కటువుగా అనిపించవచ్చు. నాకైతే ఒంటరి మనిషికి అంతకంటే మేలైన ఏర్పాటు కనబడదు. ఈ రెండింటిలోనూ ఇళ్లకు ఇద్దరు కలిసి వెళ్లడమే పద్ధతి, విన్నది బయట చెప్పకూడదు. నాలుగు గోడల మధ్య విన్న అప్పుల సంగతి గుడి మెట్ల మీద చర్చకు వస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

జ్ఞానస్నానం ఇంకా పొందనివారు ఈ జవాబు చదువుతుంటే ఒక హెచ్చరిక. పెద్దల జ్ఞానస్నాన సిద్ధపాటును 1972లో మళ్లీ దశలుగా అమర్చారు, పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి అది ముగింపుకొస్తుంది. ఏడాది పాటు ప్రతి వారం ఓ బృందం, ఓ తోడు, ప్రశ్నలు అడిగే చోటు ఉంటాయి. పాస్కా మరుసటి వారం అవన్నీ ఒక్కసారిగా మాయం. ఆ తర్వాతి యాభై రోజులు కూడా సిద్ధపాటులో భాగమేనని క్రమంలో ఉంది, పాటించే చోట్లు తక్కువ. అందుకే పాస్కాకు ముందే, తపస్సు కాలంలోనే, తర్వాత ఏ పనిలో చేరతారో మాట్లాడి పెట్టుకోండి.

మొదటి నెలలోనే నాలుగు బృందాల్లో చేరకండి, ఆరో నెలకు అన్నీ వదిలేస్తారు. ఒక ఫాదర్‌తో మాత్రమే అనుబంధం పెంచుకోకండి, ఆయన బదిలీ అయిన రోజున మీ చోటు కూడా వెళ్లిపోతుంది. గాయక బృందంలో ఖాళీలు అరుదు. పాత సభ్యుల మధ్య చేరడానికి ఏళ్లు పట్టవచ్చు. పిల్లల తరగతుల్లో చేరాలంటే శిక్షణ ఉంటుంది, మీ గతం గురించి ఆరా తీస్తారు, అవమానంగా తీసుకోవద్దు, అది పిల్లల భద్రత కోసం. బలిపీఠపు గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేవారు, కుర్చీలు సర్దేవారు, రోగుల దగ్గరకు వెళ్లేవారు మాత్రం దాదాపు ప్రతిచోటా కరువే.

ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర ఫాదర్ గారిని పట్టుకుని "ఏదైనా సాయం చేస్తాను" అనకండి. ఆ నిమిషంలో ఆయనకు ఇరవై మంది ఇరవై సంగతులు చెప్తుంటారు, గుర్తుండదు. వారం మధ్యలో ఆఫీసు తెరిచి ఉన్న సమయం చూసుకుని వెళ్లండి. కాగితం మీద మీ పేరు, ఫోన్ నంబరు, వెళ్లే పూజ సమయం, నెలలో మీకు కుదిరే రెండు రోజులు రాసి ఇవ్వండి. "ఇదివరకు పూజకు వచ్చి ఇప్పుడు రాలేకపోతున్నవారు ఎవరున్నారు, వాళ్ల దగ్గరకు వెళ్లేవారితో నన్ను పంపగలరా" అని అడగండి. పది రోజుల్లో కబురు రాకపోతే మళ్లీ వెళ్లండి. రెండోసారి వెళ్లినవారి కాగితం బల్ల మీద పైకి వస్తుంది.